స్నానాల గదికి రక్షాబంధనం

పత్తితీతలు ముగింపుకు వచ్చి మిరపకోతలు మొదలయ్యే పుష్య, మాఘ మాసాలలో గుంటూరు, ప్రకాశం మైదానాల పల్లెలలో సాయంకాలపు స్నానం విలాసం కాదు, అవసరం. పొద్దస్తమానం మిరపచేలో వంగి కాయ కోసిన చేతులకు, కల్లంలో ఎండుకాయను తొక్కిన పాదాలకు మంట ఒక పట్టాన తగ్గదు. మిరపలోని ఘాటుకు మూలమైన కాప్సైసిన్ నూనెలో కరుగుతుందే కాని నీటిలో కరగదు. అందుచేతనే ముందుగా చేతులకు కాస్త నూనె రాసుకొని, ఆ తరువాత స్నానానికి వెళ్ళడం అనుభవజ్ఞులకు అలవాటు. ఒంటికి పట్టిన దుమ్ము, నల్లరేగడి మన్ను, పత్తి నూగు వదలాలంటే గోరువెచ్చని నీరు ఉండవలసిందే.

ఒకప్పుడు ఆ నీరు పెరటి పొయ్యి మీద రాగికాగులో కాగేది. జలదారి పక్కన నాపరాయి వేసి, మూడువైపుల తాటాకు దడి కట్టి, పక్కనే ఒక నీళ్ళగాబు ఉంచితే అదే స్నానాల గది. ఆ గదిలో పొగ ఉండేది, చలి ఉండేది, అప్పుడప్పుడు తేలు కూడా ఉండేది. విద్యుత్తు మాత్రం ఉండేది కాదు. నాగార్జునసాగర్ కుడికాలువ నీరు పారి పొలాల పంటలు మారిన కాలంలోనే ఇళ్ళ తీరు కూడా మారింది. 1970, 1980 దశకాలలో గ్రామాలకు విద్యుత్ తీగలు విరివిగా విస్తరించాయి. దడి స్థానంలో గోడ లేచింది, తాటాకు స్థానంలో రేకు వచ్చింది, కాగు స్థానంలోకి మొదట హీటరు కడ్డీ, ఆ తరువాత గీజరు వచ్చి చేరాయి. అయితే ఇంటిలోని తీగలు మాత్రం చాలాచోట్ల పాతవే మిగిలాయి. టేకు బద్దీల మీద మేకులతో బిగించిన వైరింగు, పింగాణీ ఫ్యూజులు, రెండు రంధ్రాల ప్లగ్గులు ఇంకా కనిపించే ఇళ్ళు నేటికీ లేకపోలేదు. నాలుగు దీపాలకు, ఒక పంకాకు అమర్చిన తీగ మీద రెండు కిలోవాట్ల గీజరును వేలాడదీసిన తరువాత ఆ గది లోపల ఏమి జరగగలదో తెలుసుకోవడం ప్రతి గృహస్థుకూ అవసరం.

విద్యుదాఘాతం గురించి లోకంలో ఒక అపోహ స్థిరపడి ఉంది. కరెంటు ఉన్న వస్తువును తాకితే చాలు, ప్రాణం పోతుందని అందరూ అనుకొంటారు. అదే నిజమైతే వీధిలోని విద్యుత్ తీగ మీద వరుసగా వాలే పిట్టలు ఒక్కటీ బతకకూడదు. పిట్ట రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉంటాయి. ఆ రెండు కాళ్ళ నడుమ విద్యుత్ పీడనంలో తేడా దాదాపు శూన్యం. తేడా లేనిచోట ప్రవాహం లేదు. ఈ సంగతిని కాలువగట్టు ఎరిగిన రైతుకు వివరించడం తేలిక. ఒకే మట్టంలో నీరున్న రెండు మడుల నడుమ గండి కొట్టినా నీరు కదలదు. ఒక మడి ఎత్తుగా, మరొకటి పల్లంగా ఉంటేనే నీరు ఉరుకుతుంది. విద్యుత్తు కూడా అంతే. మనిషి శరీరం రెండు మట్టాల నడుమ గండి అయినప్పుడే ఆపద.

స్నానాల గదిలో ఆ గండి పడడానికి కావలసిన పరిస్థితులన్నీ ఒకేచోట సమకూడుతాయి. గీజరు ఒక గోడకు, ఇనుప కొళాయి మరొక గోడకు, మురుగునీటి గొట్టం నేలలో, ఇనుప కిటికీ చట్రం వేరొకవైపు. మనిషి ఒంటిమీద బట్ట లేదు, కాలికి చెప్పు లేదు, చర్మం తడిసి ఉంది. పొడిగా ఉన్న చర్మం విద్యుత్తుకు కొంత అడ్డుగా నిలుస్తుంది. తడిసిన చర్మానికి ఆ అడ్డు చాలావరకు పోతుంది. ఒక చేతినుంచి మరొక చేతికి శరీరపు నిరోధం సుమారు 1000 ఓములు అనుకొంటే, 230 వోల్టుల పీడనానికి 230 మిల్లీఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. ఈ సంఖ్య ఎంత పెద్దదో తెలియాలంటే కొన్ని చిన్న సంఖ్యలను దాని పక్కన ఉంచి చూడాలి. అర మిల్లీఆంపియరు వద్ద చర్మానికి స్పర్శ తెలుస్తుంది. పది మిల్లీఆంపియర్ల ప్రాంతంలో కండరాలు బిగుసుకొని, పట్టుకొన్న వస్తువును మనిషి వదలలేకపోతాడు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి మీద జరిపిన ప్రయోగాలలో ఈ వదలలేని స్థితి పురుషులకు సగటున 16, స్త్రీలకు 10.5 మిల్లీఆంపియర్ల వద్ద ఏర్పడినట్లు తేలింది. ఐదారు పదుల మిల్లీఆంపియర్లు ఒక క్షణానికి మించి ఛాతీగుండా ప్రవహిస్తే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది. 230 అనే అంకె దీనికి ఎన్ని రెట్లో వేరే చెప్పనక్కరలేదు.

ఎర్తింగు ఉన్నది కదా, భయమెందుకు అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నకు సమాధానం ఈ మైదానాల నేలలోనే ఉన్నది.

నల్లరేగడి నీటిని చూస్తే పొంగుతుంది, ఎండను చూస్తే కుంచించుకొనిపోతుంది. వానకాలంలో బండిచక్రానికి అంటుకొని వదలని ఈ మట్టి వైశాఖం వచ్చేసరికి చెయ్యి దూరేటంత బీటలు వారుతుంది. ఇళ్ళ గోడలు పగలడానికి ఈ పొంగే గుణమే కారణమని మేస్త్రీలందరికీ తెలుసు. ఎర్తుగుంట విషయంలో అది చేసే అపకారం మాత్రం కంటికి కనిపించదు. తడిగా ఉన్న నల్లరేగడి విద్యుత్తుకు మంచి వాహకం. కాని ఎండాకాలంలో మట్టి కుంచించుకొని, పాతిన గొట్టం నుంచి విడివడి, చుట్టూ సన్నని గాలిపొర ఏర్పడుతుంది. పుస్తకాలలో చెప్పిన ప్రకారం రెండున్నర మీటర్ల పొడవు గొట్టాన్ని పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుపొరలుగా నింపినా, నీరు పోయకుండా ఏళ్ళ తరబడి వదిలివేస్తే దాని శక్తి సన్నగిల్లుతుంది. పైగా ఆ ఉప్పే గొట్టాన్ని తినివేస్తుంది. ఎర్తుగుంట మీద నాపరాయి కప్పి, దానిమీద తులసికోట కట్టి, అది ఎక్కడ ఉన్నదో మరచిపోయిన ఇళ్ళు కొల్లలు.

ఇప్పుడు ఒక లెక్క చూడవచ్చు. ఇంటి ఎర్తుగుంట నిరోధం 45 ఓములు, ఊరి ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్తు నిరోధం 5 ఓములు అనుకొందాం. గీజరు లోపల ఫేజు తీగ ఊడి ఇనుప తొడుగును తాకింది. విద్యుత్తు ఎర్తు తీగ వెంబడి భూమిలోకి దిగి, నేలగుండా ట్రాన్స్‌ఫార్మరుకు తిరిగి చేరాలి. దారిలోని మొత్తం నిరోధం 50 ఓములు కనుక ప్రవాహం 4.6 ఆంపియర్లు. గీజరు మామూలుగా పనిచేసేటప్పుడే సుమారు 9 ఆంపియర్లు తీసుకొంటుంది. 16 ఆంపియర్ల బ్రేకరుకు ఈ 4.6 ఒక లెక్కలోనిది కాదు. అది పడిపోదు. పాతకాలపు పింగాణీ ఫ్యూజు కూడా మాడదు. ఇక గీజరు తొడుగు మీద మిగిలే పీడనమెంత? 4.6ను 45తో గుణిస్తే 207 వోల్టులు. అంటే ఎర్తు ఉండి కూడా, బ్రేకరు ఉండి కూడా, గీజరూ దానికి అమర్చిన ఇనుప గొట్టాలూ ఎవరో ఒకరు తాకేవరకు 207 వోల్టులతో నిశ్శబ్దంగా ఎదురుచూస్తూ ఉంటాయి. దీపాలు వెలుగుతూనే ఉంటాయి, నీరు వేడెక్కుతూనే ఉంటుంది. లోపం ఉన్నదని చెప్పే ఆనవాలు ఒక్కటీ ఉండదు.

ఆ గదిలోనే మరొక గోడకు ఉన్న చన్నీటి కొళాయి భూమిలో పాతిన ఇనుప గొట్టానికి చెందినది. దాని మట్టం భూమి మట్టం, అనగా శూన్యం. ఒక చేత్తో వేడినీటి కొళాయిని, మరొక చేత్తో చన్నీటి కొళాయిని పట్టుకొన్న మనిషి 207కు, శూన్యానికి నడుమ గండి అవుతాడు. ఈ రెండింటినీ ముందుగానే ఒక రాగితీగతో కలిపివేసి ఉంటే? లోపం ఏర్పడిన క్షణంలో రెండు కొళాయిలూ కలిసే పైకి లేస్తాయి, కలిసే ఉంటాయి. 4 చదరపు మిల్లీమీటర్ల మందం, 5 మీటర్ల పొడవు గల రాగితీగ నిరోధం ఓములో నలభయ్యోవంతు కూడా ఉండదు. దానిగుండా 4.6 ఆంపియర్లు ప్రవహించినా దాని రెండు కొసల నడుమ ఏర్పడే తేడా వోల్టులో పదోవంతు. పిట్ట రెండు కాళ్ళ సంగతే ఇక్కడ మనిషి రెండు చేతులకూ వర్తిస్తుంది. ఈ ఏర్పాటునే విద్యుత్ శాస్త్రంలో అనుబంధ బాండింగ్ అంటారు. తెలుగులో దానిని సమబంధనం అనవచ్చు. కావ్యభాషలో బంధనమంటే సాధారణంగా చెర. ఇక్కడ మాత్రం ఆ మాట రక్షాబంధనంలోని అర్థానికే దగ్గర.

ఎర్తింగుకు, బంధనానికి ఉన్న భేదాన్ని గ్రహించకపోవడం వల్లనే చాలా పొరపాట్లు జరుగుతున్నాయి. ఎర్తింగు విద్యుత్తును భూమిలోకి దింపే దారి. బంధనం ఒక గదిలోని లోహపు వస్తువులన్నింటినీ ఒకే మట్టానికి తెచ్చే కట్టు. మొదటిది ఊరి మురుగుకాలువ వంటిదైతే, రెండవది ఇంటినేలను ఎత్తుపల్లాలు లేకుండా చదును చేయడం వంటిది. గీజరు ఎర్తు తీగ, వేడినీటి గొట్టం, చన్నీటి గొట్టం, లోహపు మురుగు గొట్టం, నేలతో సంబంధమున్న ఇనుప కిటికీ చట్రం వీటన్నింటినీ ఆకుపచ్చ, పసుపు చారలు గల రాగితీగతో కలపాలి. పైన రక్షణ తొడుగు లేని తీగకు 4, గొట్టంలో భద్రంగా సాగే తీగకు కనీసం రెండున్నర చదరపు మిల్లీమీటర్ల మందం ఉండాలన్నది బ్రిటన్‌లో పాటించే కొలత.

చదువుల కోసం ఇంగ్లాండు వెళ్ళి, అక్కడి పాత ఇళ్ళలో అద్దెకు దిగే తెలుగు విద్యార్థులకు ఈ తీగ కంటపడే అవకాశం ఉన్నది. చేతులు కడుక్కొనే తొట్టి కింద, రాగిగొట్టానికి చిన్న పట్టీతో బిగించి, ఇది రక్షణకోసం వేసిన విద్యుత్ సంధానం, తొలగించరాదు అని రాసిన బిళ్ళ ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆ దేశపు వైరింగు నియమాలకు బి.ఎస్. 7671 అని పేరు. స్నానాల గదులలో ఈ బంధనం ఉండాలని ఆ నియమాలు చాలాకాలం ఆదేశించాయి. 2008లో వెలువడిన పదిహేడవ కూర్పు ఒక సడలింపు ఇచ్చింది. ఆ గదికి చెందిన సర్క్యూట్లన్నింటికీ 30 మిల్లీఆంపియర్ల లీకేజి రక్షణ ఉండి, లోపం కలిగినప్పుడు సరఫరా నిర్ణీత వ్యవధిలో తెగిపోతూ, ఇంటి ప్రధాన బంధనం సక్రమంగా ఉన్నప్పుడు అనుబంధ బంధనాన్ని వదలివేయవచ్చునన్నది. దీని అర్థం బంధనం పనికిరానిదని కాదు. అంతకంటే చురుకైన కాపలాదారు వచ్చినప్పుడు, మిగిలిన కట్టుదిట్టాలన్నీ సరిగా ఉన్నప్పుడు మాత్రమే మొదటి కాపలాదారుకు సెలవు ఇవ్వవచ్చునని. పాత ఇళ్ళలో ఆ షరతులు నెరవేరడం అరుదు.

మన దేశంలో ఎర్తింగు పద్ధతులను వివరించే ప్రమాణపత్రం ఐ.ఎస్. 3043. అది 1966లో తొలిసారి వెలువడి 1987లోను, 2018లోను సవరణ పొందింది. ఇళ్ళ వైరింగుకు ఐ.ఎస్. 732 ఉన్నది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నియమావళిని, దాని స్థానంలో 2023లో మరొకదానిని జారీచేసింది. కాగితం మీద కొరత లేదు. కాని నలభై ఏళ్ళ కిందట కట్టిన ఇంటికి మీటరు ఒకసారి బిగించిన తరువాత, లోపలి గదుల వైపు తొంగిచూసేవారు ఎవరూ ఉండరు.

బంధనం వేయడంలోని సాధకబాధకాలు ఈ ప్రాంతపు ఇళ్ళలో కొంత ప్రత్యేకం. పాత జి.ఐ. గొట్టాల మరలకు జనపనార చుట్టి, సఫేదా పూసి బిగించడం ఆనవాయితీ. నీరు కారకుండా ఆపే ఆ నారే కొన్నిచోట్ల విద్యుత్తుకు కూడా అడ్డు తగులుతుంది. కనుక గొట్టం ఒకటే కదా అని ఒకచోట పట్టీ బిగించి ఊరుకోవడం సరికాదు. తుప్పు, రంగు గీకి, మెరిసే లోహం మీద పట్టీ బిగించి, మీటరుతో కొలిచి చూడాలి. గీజరుకు, కొళాయికి నడుమ నిరోధం ఓములో చిన్న భాగం మాత్రమే ఉండాలి. రాగి, జింకు పూత గల ఇనుము ఒకచోట తడిలో కలిస్తే ఒకదానిని మరొకటి తినివేస్తుంది కాబట్టి ఆ అతుకును కంటికి కనపడే చోట ఉంచి, ఏడాదికొకసారి చూడాలి.

మరమ్మతుల పుణ్యమా అని ఇంకొక చిక్కు వచ్చింది. పగిలిన ఇనుప గొట్టం స్థానంలో మూడడుగుల ప్లాస్టిక్ గొట్టాన్ని అతికి పని ముగించడం నేడు సాధారణం. దానితో గొట్టపు వరుస రెండు ముక్కలైపోతుంది. ఒక ముక్కకు భూమితో సంబంధం ఉంటుంది, రెండవది గోడలో ఒంటరిగా వేలాడుతుంది. ఆ ఒంటరి ముక్క గీజరుకు తగిలి ఉన్నదైతే దానిని తప్పక బంధించాలి. దీనికి విరుద్ధంగా, గొట్టాలన్నీ ప్లాస్టిక్ అయి, గోడకు ఒక చిన్న ఇత్తడి కొళాయి మాత్రమే ఉన్నచోట ఆ కొళాయికి తీగ కట్టనవసరం లేదు. దానికి ఏ మట్టమూ లేదు. దానికి తీగ కట్టడం వల్ల వేరొకచోటి లోపాన్ని చేతికి అందించినట్లే అవుతుంది. అతి జాగ్రత్త కూడా అజ్ఞానమే అయ్యే సందర్భమిది.

బోరుబావి మోటారు సంగతి వేరుగా చెప్పుకోవాలి. మోటారు వేసినప్పుడు మాత్రమే కొళాయి జిల్లుమంటుందని కొన్ని ఇళ్ళలో చెప్పుకొంటారు. నీటిలో మునిగి ఉండే మోటారు చుట్ట పాడై, విద్యుత్తు దాని ఇనుప గొట్టం వెంబడి పైకి వచ్చి, డాబా మీది ట్యాంకు దారిన స్నానాల గదికి చేరుతున్నదనడానికి అది గుర్తు. దానిని నవ్వులాటగా తీసుకొని, మోటారు ఆపి స్నానం చేయమని పిల్లలకు చెప్పి సరిపెట్టుకొనే ఇళ్ళున్నాయి. జిల్లుమన్న నాడే మోటారును ఆపి, బాగుచేయించవలసి ఉన్నది. ప్రకాశం పడమటి మెట్టలో కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల భూగర్భజలంలో ఫ్లోరైడు అధికమని అందరికీ తెలిసినదే. ఆ ప్రాంతపు బోరునీటిలో లవణాలు, కాఠిన్యం కూడా తక్కువేమీ కాదు. అటువంటి కఠినజలం కాగిన కొద్దీ గీజరు లోపలి కడ్డీకి తెల్లని గార కడుతుంది. గార పేరుకొన్న కడ్డీ వేడిని నీటికి అందించలేక తానే కాగిపోయి, పై తొడుగు చిట్లుతుంది. చిట్లిన తొడుగులోకి నీరు చేరితే విద్యుత్తు ఆ నీటిలోకి, నీటినుంచి గొట్టాలలోకి పాకుతుంది. మెట్ట ప్రాంతాల గీజరుకు ఏటా గార తీయించడం శుభ్రతకోసం చేసే పని మాత్రమే కాదు.

బంధనం చేయలేనిదేమిటో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. అది చేతికి, చేతికి నడుమ తేడాను తొలగిస్తుంది. కాలికింది నేల మాటేమిటి? కొత్తగా వేసే కాంక్రీటు నేలలో ఇనుప జాలీ పరచి, దానిని కూడా బంధనంలో చేరిస్తే నేల కూడా అదే మట్టానికి వస్తుంది. పశువుల కొట్టాలలో ఈ పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణాలు ప్రత్యేకంగా సిఫారసు చేస్తాయి. మనిషికి తెలియనంత చిన్న తేడాను కూడా నాలుగు తడికాళ్ళ మీద నిలిచిన పాడిగేదె కనిపెట్టి, బెదిరిపోతుంది. కాని మట్టి మీద నాపరాళ్ళు పరచిన పాత జలదారిలో ఇనుము లేదు, కలపడానికి ఏమీ లేదు. తడిసిన ఆ రాయి భూమి మట్టంలోనే ఉంటుంది. గీజరు గొట్టాన్ని పట్టుకొన్న చేతికి, రాయి మీది పాదానికి నడుమ గండి మిగిలే ఉంటుంది.

ఈ మిగిలిన గండిని పూడ్చేది ఆర్.సి.సి.బి. అనే పరికరం. సామాన్య బ్రేకరు ఎంత విద్యుత్తు వెళ్ళిందో మాత్రమే చూస్తుంది. ఇది వెళ్ళినంతా తిరిగి వచ్చిందా అని చూస్తుంది. జమాఖర్చులు సరిచూసే గుమాస్తా వలె, ఫేజులో వెళ్ళినదానికి, న్యూట్రల్‌లో తిరిగి వచ్చినదానికి తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేసరికి సరఫరాను తెంచివేస్తుంది. లోపం పెద్దదైతే సెకనులో ఇరవై ఐదోవంతు వ్యవధి చాలు. ఇటువంటి పరికరాన్ని 1961లో అమెరికాలో రూపొందించినవాడు పైన పేర్కొన్న డాల్జీలే. మనిషి చెయ్యి ఎంత ప్రవాహానికి బిగుసుకొంటుందో కొలిచినవాడే ఆ చేతిని విడిపించే సాధనాన్ని కూడా సమకూర్చడం గమనించదగినది.

నల్లరేగడి నేలకు ఈ పరికరం ఎంతగానో సరిపడుతుంది. పై లెక్కలో 16 ఆంపియర్ల బ్రేకరును కదల్చలేకపోయిన 4.6 ఆంపియర్లు దీని దృష్టిలో నూటయాభై రెట్లు ఎక్కువ. తడిచోట తాకదగిన పీడనానికి 50 వోల్టుల కంటే తక్కువ పరిమితినే కోరుకోవడం మంచిదే. అయినా ఆ 50నే తీసుకొని, దానిని 0.03తో భాగిస్తే 1667 ఓములు వస్తుంది. అంటే వైశాఖపు ఎండకు మట్టి బీటలు వారి, ఎర్తుగుంట నిరోధం 45 నుంచి కొన్ని వందల ఓములకు పెరిగినా ఈ పరికరం తన పని తాను చేస్తుంది. కాని ఒక హెచ్చరిక. ఇది ఒక యంత్రం, దానిలోని మీట ఏళ్ళ తరబడి కదలకుంటే బిగుసుకొనిపోవచ్చు. బంధనానికి కదిలే భాగం లేదు. కనుక పాత ఇంటికి ఈ రెండింటిలో ఏది కావాలని అడిగేవారికి రెండూ కావాలన్నదే సరైన సమాధానం. ఒక్కదానికి మించి ఖర్చు చేయలేని ఇంటికి మాత్రం ముందుగా ఆర్.సి.సి.బి.యే.

బంధనం కూడా ఆపదగా మారే సందర్భాలు రెండున్నాయి. ఈ పల్లెలలో రెండూ అపూర్వం కావు. ఎర్తుగుంట తీయడం శ్రమ అనుకొని, ప్లగ్గులోని మూడవ రంధ్రాన్ని న్యూట్రల్ తీగకు కలిపివేయడం మొదటిది. న్యూట్రల్ బాగున్నంతకాలం ఏమీ తెలియదు. గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ అతుకు ఊడిన రోజున, వెలగవలసిన దీపంగుండా ఫేజు విద్యుత్తు న్యూట్రల్‌లోకి, దానినుంచి మూడవ రంధ్రంలోకి, దానినుంచి గీజరు తొడుగులోకి చేరుతుంది. బంధనం ఉంటే గదిలోని కొళాయిలన్నింటికీ చేరుతుంది. రెండవది దీనికి తలకిందులు. న్యూట్రల్ పోయిన రాత్రి చీకటిలో ఉండలేక, దీపపు రెండవ తీగను ఎర్తుగొట్టానికో, నీటి కొళాయికో తగిలించి వెలిగించుకొంటారు. ఇల్లు వెలుగుతుంది. కాని ఆ ఇంటి విద్యుత్తంతా ఆ గొట్టం మీదుగానే నేలలోకి దిగాలి కాబట్టి గొట్టం మట్టం పైకి లేస్తుంది. ఆ సంగతి తెలియని మనిషి తెల్లవారుజామున కొళాయి తిప్పుతాడు. ఈ రెండు దురలవాట్లు ఉన్న ఇంటిలో మొదట వాటిని తొలగించిన తరువాతనే బంధనం గురించి ఆలోచించాలి. లైసెన్సు గల వైర్‌మన్ చేత చేయించవలసిన పని ఇది. నియాను దీపపు టెస్టరు చేతబట్టుకొన్న ప్రతివాడూ పరీక్షకుడు కాడు. అతి స్వల్పమైన విద్యుత్తుకు కూడా టెస్టరు మినుకుమంటుంది. అది వెలిగినంత మాత్రాన ఎంత ప్రమాదమో తెలియదు, వెలగనంత మాత్రాన ప్రమాదం లేదని కాదు.

పెరటిలోని స్నానాల గదికి మరొక శత్రువు దండెం. స్తంభంనుంచి ఇంటికి వచ్చే సర్వీసు తీగ బరువును మోసేందుకు దానితోపాటు ఒక ఇనుప తీగ ఉంటుంది. గాలికి ఊగి ఊగి పై తొడుగు అరిగితే ఆ ఇనుప తీగకు విద్యుత్తు సోకుతుంది. ఆ తీగను స్నానాల గది రేకుకప్పు దూలానికి కట్టి, అదే దూలంనుంచి వేపచెట్టుకు ఇనుప దండెం లాగి ఉంటే, గదిలో దీపం కూడా లేకుండానే గదంతా విద్యుత్మయం అవుతుంది. ఆర్.సి.సి.బి. ఇంటి లోపల ఉంటుంది, లోపం దానికి ముందే ఉన్నది కనుక అది కూడా ఆదుకోదు. తడిబట్ట ఆరవేయబోయిన గృహిణి, ఆమెను లాగబోయిన భర్త, వారిద్దరినీ చూసి పరుగెత్తిన బిడ్డ ఒకరి వెంట ఒకరు ప్రాణాలు కోల్పోయిన వార్తలు తెలుగు పత్రికలలో వానకాలపు రోజులలో తరచుగా కనిపించేవే. దీనికి విరుగుడు నైలాను తాడు. దాని ఖరీదు ఒక సబ్బుబిళ్ళ ఖరీదుకు అటూఇటూగా ఉంటుంది. చిక్కుకొన్నవారిని చేత్తో లాగక, ముందు మెయిను ఆపడం, అది అందుబాటులో లేకుంటే ఎండుకర్రతో తప్పించడం ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

హీటరు కడ్డీని బంధనం కాపాడలేదు. అది బకెట్టులో వేలాడే వస్తువు, గోడకు చెందినది కాదు. నీరు కాగిందో లేదో చూడడానికి బకెట్టులో వేలు పెట్టే అలవాటు ఎందరి ఉసురు తీసిందో లెక్కలేదు. స్విచ్చి ఆపడం చాలదు. పాత వైరింగులో స్విచ్చి ఫేజుకు బదులు న్యూట్రల్‌ను తెంచుతూ ఉండవచ్చు, అప్పుడు ఆపిన కడ్డీలో కూడా ఫేజు నిలిచే ఉంటుంది. ప్లగ్గు ఊడదీసి, కడ్డీని బయటికి తీసి, ఆ తరువాతనే నీటిని తాకాలి.

ఇక మిగిలినవి ఏడాది పొడవునా చేయవలసిన చిన్న పనులు. ఆర్.సి.సి.బి. మీద పరీక్షకోసం ఉంచిన మీటను నెలకొకసారి నొక్కితే అది టక్కుమని పడిపోవాలి. పడకపోతే మార్చివేయాలి. చైత్రం వచ్చిననాటినుంచి వానలు పడేవరకు వారానికి రెండు బిందెల నీరు ఎర్తుగుంటలో పోయాలి. అందుకు ముందుగా ఆ గుంట ఎక్కడ ఉన్నదో వెతికి, దానిమీద కప్పిన నాపరాయిని తొలగించాలి.